పడుకోవలసిన రాయి

షెడ్డుకి తాళం పడి అది మూడో రోజు.

తాళంచెవి రొజేర్ నాదో చొక్కా జేబులో ఉంది. ఆ సంగతి అతని భార్య అర్మాంద్‌కి తెలుసు, కూతురు ఓదిల్‌కి తెలుసు, ఈపాటికి సెన్-వెరాన్ ఊరంతటికీ తెలిసే ఉంటుంది. షెడ్డులో మూడు తరాల ఉలులున్నాయి. చర్చి గోపురం పని కూతురు ఒప్పుకుందని విన్న ఆదివారం మధ్యాహ్నమే అతను వెళ్లి తాళం వేశాడు. వేసి, చేతులు కడుక్కుని, భోజనానికి కూర్చున్నాడు.

ఆ పూట నుంచి ఇంట్లో మాటలన్నీ అర్మాంద్ మీదుగా నడుస్తున్నాయి.

"అమ్మా, నాన్నకి చెప్పు. ఇంజినీరమ్మ ఇవాళ రెండింటికి వస్తోంది," అంది ఓదిల్ రొట్టెకి వెన్న రాస్తూ.

"ఎందుకొస్తోందో అడుగు," అన్నాడు రొజేర్ కిటికీ బయటికి చూస్తూ.

"సంతకానికి."

"ఎవరి సంతకానికట?"

"రాతిమేస్త్రీ సంతకానికి. అంటే నాది."

"ఓహో," అన్నాడు రొజేర్ వెన్న గిన్నెతో. "మేస్త్రీ అట."

అర్మాంద్ కాఫీ కూజా బల్ల మీద పెట్టింది, అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే. "నేనేమన్నా టెలిఫోను తీగనా మీ ఇద్దరి మధ్య? నలభై ఒక్కేళ్ల కూతురు, డెబ్భై రెండేళ్ల తండ్రి. సిగ్గుండాలి."

ఎవరికుండాలో ఆమె చెప్పలేదు. అవతలి మనిషికే అని ఇద్దరూ అనుకున్నారు.

ఓదిల్ పక్క టౌనులో సమాధిరాళ్ల దుకాణంలో ఇరవై ఏళ్లు పనిచేసింది. అక్కడ రాయిని కోసేది మిషను, పేరు చెక్కేది ఇంకో మిషను; మీట నొక్కడం మనిషి వంతు. ఉలి పట్టడం మాత్రం ఆమె ఈ పెరట్లోనే నేర్చుకుంది, తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుని. పెళ్లి పెటాకులయ్యాక గరాజు మీది గదిలోకి వచ్చి చేరింది. మనిషి తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడినప్పుడు తండ్రి గొంతే.

ఆ పని ఆమెకి ఊరికే రాలేదు. చర్చి పెద్దల సంఘం రెండేళ్లపాటు రాతిమేస్త్రీ కోసం వెతికింది. ఒకప్పుడు ఈ ఊరి క్వారీ రాయి దిగని పట్టణం క్యూబెక్ మొత్తంలో లేదు. కోర్టులు, కాన్వెంట్లు, వంతెనల కాళ్లు, అన్నీ ఇక్కడి రాయే. వీధికి ముగ్గురు మేస్త్రీలుండేవాళ్లు. అలాంటి ఊళ్లో గోపురం ముఖం పొరలు పొరలుగా ఊడి మెట్ల మీద పడుతుంటే, బాగుచేసే చెయ్యి కోసం పేపర్లో ప్రకటన వేసుకోవాల్సి వచ్చింది. పద్నాలుగు మంది వచ్చారు. వాళ్లకి పరీక్ష పెట్టే బాధ్యత రొజేర్‌కి అప్పగించారు. ఇంకెవరికి అప్పగిస్తారు? గోపురం కింద పలక మీద ఉన్నది అతని తండ్రి పేరు: ‘1976లో ఈ ముఖాన్ని నిలిపినవాడు, అడెలార్ నాదో, రాతిమేస్త్రీ.’

పరీక్ష ఒక్కటే. రెండు రోజులు, ఒక రాయి, చేతి ఉలులు. కిటికీ గడప ఒంపు చెక్కి చూపించాలి.

మాంట్రియల్ నుంచి వచ్చినవాడు రాళ్లు అతికించే జిగురు ఈ ఊళ్లో ఎక్కడ అమ్ముతారని అడిగాడు. ముప్పై ఏళ్ల అనుభవం, జేబులో మేస్త్రీ కార్డు ఉన్న ఇంకొకాయన జన్మంతా ఇటుకలు పేర్చినవాడు. ఉలి పట్టుకుంటే సూపు తాగడానికి చెంచా పట్టుకున్నట్టుంది. మరొకడు అందరూ భోజనానికి వెళ్లినప్పుడు కరెంటు రంపం తీశాడు. పద్నాలుగు కాగితాల మీదా రొజేర్ ఒకే ముక్క రాశాడు: పనికిరాడు. పద్నాలుగు సార్లు ఊరు తలాడించింది. నాదోల ఇంటి మనిషి కదా, ఆ మాత్రం పట్టు ఉంటుంది అనుకుంది.

జూలైలో అతను హెర్నియా ఆపరేషనుకి ఆస్పత్రిలో పడుకున్న వారంలో, ఓదిల్ వెళ్లి సంఘం ముందు కూర్చుని పదిహేనో రాయి చెక్కింది.

"ఆ ఇంజినీరమ్మ ఏం సంతకం పెట్టమంటోందో కూడా నాన్నకి చెప్పు," అంది ఓదిల్ ఇప్పుడు. "క్వారీ రాయి సత్తువ అయిపోయిందని రిపోర్టు రాసింది. ఈ ఊరి రాయి మంచిది కాదట. ఇవాళ ఒకచోట ఊడింది, రేపు గోడంతా ఊడుతుందట. అందుకని గోపురాన్ని చర్చి కప్పు దాకా దించేసి, పైన రేకు టోపీ పెట్టాలట. దానికి రాతిమేస్త్రీ ఒప్పుకోలు కావాలి."

రొజేర్ తల తిప్పాడు. మూడు రోజుల్లో మొదటిసారి కూతురి ముఖంలోకి చూశాడు.

"రాయిది తప్పంటోందా?"

"అవును."

"మన రాయిది?"

"మన రాయిదే."

"నువ్వు పెడతావా సంతకం?"

ఓదిల్ రొట్టె ముక్క పక్కన పెట్టింది. "శుక్రవారం పరంజా ఎక్కాను నాన్నా. ఊడుతున్న రాళ్లు చూశాను. నాకు కళ్లున్నాయి. ఎలా చూడాలో నువ్వే నేర్పావు. ఒక్క మాట చెబితే ఆ రిపోర్టు చిత్తుకాగితం అవుతుంది."

రొజేర్ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

"ఆ మాట నాది కాదు. అందుకే మూడు రోజులుగా నీ మొహం చూస్తూ కూర్చున్నా. రెండింటి దాకా చూస్తా."

"రెండు దాటితే?"

"నేనే చెప్తా. గోపురం దింపనివ్వను. ఆ రాళ్ల మొహాలన్నీ రాలిపోయాయి, ఎవరి ఉలి దెబ్బలో ఇప్పుడు తెలీదు. ఎలా పెట్టారో మాత్రం తెలుస్తోంది. ఎవరు పెట్టారని ఊరు అడిగితే పలక చదువుకుంటుంది. పలక మీద ఉన్నది తాతయ్య పేరు."

ఆమె కోటు తగిలించుకుని వెళ్లిపోయింది. చేతిలో సమాధిరాళ్ల దుకాణంలో అరువడిగి తెచ్చుకున్న సుత్తి ఒక్కటే ఉంది.

*

అర్మాంద్ మధ్యాహ్నం భోజనం గిన్నెలు కడుగుతోంది. రొజేర్ కుర్చీలోంచి లేవలేదు.

"ఆ గాస్పే నుంచి వచ్చిన మనిషిని ఎందుకు పంపేశావు?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

"ఏ మనిషి?"

"తొమ్మిదోవాడు. ఎర్ర గడ్డం. చేపల రేవు గోడలు కట్టే ఇంటివాడు. నా వంటింట్లో రెండు పూటలు తిన్నాడు."

"పనికిరాడు."

"అతను చెక్కిన రాయి షెడ్డులో గోనెపట్టా కింద ఉంది. నువ్వే బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చావు. పనికిరానివాడి రాయి ఎవడూ దాచుకోడు, రొజేర్."

అతను బల్ల మీద రొట్టె పొడి వేలితో ఒక చోటికి చేర్చాడు. ఆమెతో నలభై ఆరేళ్ల కాపురం. అబద్ధం చెప్పడానికి ఓపిక ఉండాలి, ఆ ఓపిక లేదు.

"వాడు మంచివాడు," అన్నాడు చివరికి. "పోర్చుగల్ నుంచి వచ్చిన ముసలాయన కూడా మంచివాడే. మోకాళ్లు లేవు గానీ, చెయ్యి ఉంది."

"మరి?"

"మంచివాడైతే మొదటిరోజే కనిపెట్టేస్తాడు."

అర్మాంద్ కుళాయి కట్టేసింది. ఏం కనిపెడతాడని అడగలేదు. చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. అడక్కుండా కూర్చోవడం ఆమెకి బాగా తెలిసిన విద్య.

అతను చెప్పాడు. పెద్ద కథేం కాదు. పెద్ద కథ అయితే యాభై ఏళ్లు మొయ్యడం తేలికయ్యేది.

1976లో పిడుగు పడి గోపురం ముఖం పగిలింది. నవంబరు మొదటి ఆదివారానికి బిషప్ వస్తున్నాడు. తండ్రి అడెలార్ అక్టోబరులో మంచాన పడ్డాడు, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. మిగతా పని ఇరవై మూడేళ్ల రొజేర్ మీద పడింది. తలుపు మీది పెద్ద కిటికీ చుట్టూ రెండడుగుల ఎత్తు రాళ్లు కావాలి. అంత మందం రాతిపొర క్వారీ అడుగున ఉంది. ఆ ఏడాది పంపు పాడై అడుగు నిండా నీళ్లున్నాయి. పైన దొరికేది పది అంగుళాల పొర. పది అంగుళాల మందం రాయిని నిలువునా లేపితే ఎత్తు రెండడుగులవుతుంది. చూడ్డానికి తేడా తెలీదు. బిషప్‌కి అసలే తెలీదు.

"నిలబెట్టావు," అంది అర్మాంద్. రాతిమేస్త్రీ భార్య. అంత మాత్రం తెలుసు.

"పదకొండు. మంచు పడేలోపు. సున్నం ఆరాలి కదా, ఆగడానికి లేదు." అతను రొట్టె పొడిని అరచేత్తో చెరిపేశాడు. "నాన్న మంచం మీంచి అడిగాడు, పెద్ద పొర దొరికిందా అని. దొరికిందన్నా. ఆయన మరి మాట్లాడలేదు. జనవరిలో పోయాడు. నేను నిలబెట్టిన రాళ్ల కింద ఆయన పేరుతో పలక పెట్టారు. వద్దని చెప్పడానికి వెళ్లి, బ్యాండు వాయిస్తుంటే టోపీ తీసి నిలబడి వచ్చేశా."

అర్మాంద్ అతని చెయ్యి పట్టుకోలేదు. అలాంటివి వాళ్ల మధ్య తక్కువ. గోడ గడియారం వైపు చూసింది.

"అమ్మాయి చెక్కిన రాయి చూశావా, పదిహేనోది?"

రొజేర్ కొంచెం సిగ్గుపడ్డాడు. "చూశా. ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో రోజు. చర్చి పక్కగదిలో, ఎవరూ లేనప్పుడు."

"ఎలా ఉంది?"

ఆ రాయి ఒంపు మీద బొటనవేలు జరుపుకుంటూ పోతే ఎక్కడా ఆగలేదు. చివరన, మూల తిరిగే చోట, అతనైతే ఎప్పుడూ కాస్త కంగారుపడే చోట, ఆమె ఉలి ఒక్క ఊపిరిలో తిరిగి వచ్చింది. అతను ఆ గదిలో పావుగంట నిలబడ్డాడు. ఎవరైనా వస్తే దులుపుతున్నానని చెప్పడానికి చేతిలో గుడ్డ కూడా పట్టుకున్నాడు.

"నాకన్నా బాగుంది," అన్నాడు. "నేను ఎన్నడూ అలా చెయ్యలేదు."

"ఆ ముక్క ఆమెకి చెప్పావా?"

"షెడ్డుకి తాళం వేశా."

అర్మాంద్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. "ఇంకెవరూ అలా మెచ్చుకోరులే," అంది. "లే. కోటు వేసుకో. గాలిగా ఉంది."

*

గోపురం పాదం దగ్గర సంఘం అధ్యక్షుడు గెతాన్ బ్యుసియేర్ నిలబడి ఉన్నాడు. ఇనుప సామాన్ల కొట్టు అతనిది. ఊళ్లో నిచ్చెనలన్నీ అతనే అమ్మాడు గానీ, ఒక్కటి కూడా ఎక్కలేడు. ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి.

"వచ్చావా పెద్దాయనా," అన్నాడు. "తాళాలు అమ్మేవాణ్ణి నేను. నా దగ్గర కొన్నదే నా మేస్త్రీ మీద వేశావట."

"మంచి తాళమే ఇచ్చావు."

"పైకి ఎక్కకు. ఆపరేషనయింది నీకు."

రొజేర్ అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. ఒక్కో మెట్టుకీ పొట్ట కింద కుట్లు పీకాయి. ఎడమవైపున సెయింట్ లారెన్స్ నది మీద ఒక సరుకుల ఓడ కదలనట్టే కదులుతోంది. కుడివైపున గోడ. యాభై ఏళ్లలో ఆ గోడని ఇంత దగ్గరగా చూడకుండా తప్పించుకున్నాడు. చర్చిలోకి కూడా పక్క తలుపు నుంచే వెళ్లేవాడు.

మూడో అంతస్తు పలకల మీద ఓదిల్ ఉంది, పక్కన ఇంజినీరు. మదాం ట్రెపానియే అనే ఆమె, యాభై దాటిన మనిషి, తెల్ల హెల్మెట్టు, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. రాళ్ల మీద ఓదిల్ సుద్దతో గుర్తులు పెట్టి ఉంది. సరిగ్గా రెండయింది. కూతురు తండ్రిని చూసి పలకరించలేదు, ఒక అడుగు పక్కకి జరిగింది. ఆ జరగడంలో గౌరవం ఉందో, నువ్వే తేల్చుకో అన్న పట్టు ఉందో అతనికి తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి.

"మస్యూ నాదో," అంది ఇంజినీరు మర్యాదగా. "మీ నాన్నగారి పనిని దించాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది. కానీ రాయి బతికి లేదు."

"రాయి బతికే ఉంది మేడమ్."

"నమూనా పరీక్షకి పంపాను. పొరలు విడిపోతున్నాయి."

"విడిపోతాయి మరి. మీరు దుప్పట్లు మడతపెట్టి బీరువాలో ఎలా పెడతారు?"

ఆమెకి అర్థం కాలేదు.

"పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి. మీద బరువు పడితే ఇంకా అణిగి ఉంటాయి. అదే మడతల దొంతరని నిలువుగా లేపి, గాలికి ఎదురుగా పెట్టండి. ఒక్కోటే జారి పడతాయి. భూమిలో ఈ రాయి పడుకుని ఉంటుంది. గోడలో కూడా పడుకునే ఉండాలి. ఇవి" అని అరచేత్తో ఊడిన ముఖాన్ని తాకాడు, ఒక పలచటి పెళ్ల చేతిలోకి వచ్చింది, "ఇవి నిలబడి ఉన్నాయి. పొరలు వీధి వైపు తిరిగి ఉన్నాయి. వాన లోపలికి వెళ్తుంది, చలికి గడ్డకడుతుంది, ఏడాదికో పొర తోసేస్తుంది."

ఇంజినీరు అట్ట కిందికి దించింది.

"ఆ పక్కది చూడండి," అన్నాడు రొజేర్. "ఈ చర్చి కట్టిననాటిది. నూట ఎనభై చలికాలాలు చూసింది. అదే క్వారీ, అదే రాయి. చెయ్యి పెట్టండి. పెట్టండి మేడమ్, కరవదు. ఉలి గాట్లు ఇంకా వేలికి గుచ్చుకుంటున్నాయా? దాన్ని పెట్టినవాడి పేరు ఎవరికీ తెలీదు. వాడి రాయికి మీరు సత్తువ లేదని రాస్తారు, మా ఊళ్లో మేం చదువుకుని ఊరుకుంటాం, అవునా?"

ఆమె గ్లవ్వు తీసింది. రాయి మీద చెయ్యి పెట్టింది. కాసేపు తియ్యలేదు.

"ఏమంటున్నాడు?" కింద నుంచి గెతాన్ గట్టిగా అడిగాడు.

"రాయిది తప్పు కాదంటున్నారు," అంది ఆమె వంగి.

"మరెవడిదట?"

ఇంజినీరు రొజేర్ వైపు చూసింది. "అంటే మీ నాన్నగారు..."

"మా నాన్న మంచం మీదున్నాడు. ఆయన రాళ్లు ఆ పక్కన, కిటికీ కింద, పడుకునే ఉన్నాయి. ఒక్క పెళ్ల ఊడలేదు." రొజేర్ పరంజా గొట్టం పట్టుకుని కిందికి వంగాడు. టోపీ తీశాడు. "నాది గెతాన్, తప్పు. నేనే పెట్టా అడ్డదిడ్డంగా. బిషప్ కోసం. ఇంకో సంగతి, నీ పద్నాలుగు మందిలో ఇద్దరు పనికొచ్చేవాళ్లే. వాళ్లు చూస్తే దొరికిపోతానని పంపేశా."

కింద గెతాన్ మెట్ల మీద కూలబడ్డాడు.

"రెండేళ్లు, రొజేర్," అన్నాడు. తిట్టినట్టు కూడా లేదు. "పోర్చుగల్ దాకా ఉత్తరాలు రాశాం. ఆ ముసలాయన విమానం ఎక్కి వచ్చాడయ్యా. మా ఆవిడ ఆయన మోకాళ్లకి తైలం రాసింది."

"తెలుసు."

"తెలుసట," అన్నాడు గెతాన్ మెట్లతో.

ఓదిల్ గోడ వైపే చూస్తోంది. ఆమె భుజాలు మాత్రం, తెల్లవారినప్పటి నుంచి చెవుల దాకా లేచి ఉన్న భుజాలు, కిందికి దిగాయి. రొజేర్‌కి అది చాలు అనిపించింది. అవమానం వస్తుందనుకున్న చోట అది రాలేదు. వచ్చింది ఇంకేదో, తన ఊరి రాయి కోసం నోరు తెరిచిన మనిషికి ఉండే గర్వం.

ఇంజినీరు పాత రిపోర్టు మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. కింద కొత్తగా రాయసాగింది. "గోపురం దించక్కర్లేదు, కారణం ఇదే అయితే. తప్పుగా పెట్టినవి మాత్రమే తీసి, సరిగా చెక్కి పెడితే సరిపోతుంది. కానీ మిగతా గోడకి నేను పూచీ పడాలి, అందుకని ఖచ్చితంగా రాయాలి. ఎన్ని, ఎవరు, ఎప్పుడు. ఎన్ని రాళ్లు, మస్యూ నాదో?"

"పదకొండు."

"నాన్నా," అంది ఓదిల్. "ఒకసారి ఇటు రా."

ఆమె పరంజా మూల తిరిగి, కిటికీ గడప కిందకి తీసుకెళ్లింది. అక్కడ గడప బయటికి పొడుచుకొచ్చి ఉంది, వాన పడదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. అతను గొట్టం పట్టుకుని, కుట్లు మూలుగుతుంటే, ఆమె పక్కన కూర్చున్నాడు.

"పొద్దున్న వరసలన్నీ సుత్తితో తట్టుకుంటూ వచ్చా," అంది మెల్లగా. "విను."

ఒక రాయి మీద తట్టింది. కంగుమంది. దాని పక్కది తట్టింది. అదీ కంగుమంది. మూడోది తట్టింది.

మూడోది మోగలేదు. తలుపు వెనక దిండు మీద కొట్టినట్టు, మొద్దుగా ఒక చప్పుడు.

రొజేర్ వంగి చూశాడు. ఎత్తు రెండడుగులు. పొరలు వీధి వైపు. లోపల విడిపోయింది గానీ, తడి తగలక ముఖం ఇంకా ఊడలేదు. ముఖం మీద ఉలి గాట్లు నిన్న కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి.

ఇది తన వరసల కింద వరస. తను పని అందుకోకముందు పెట్టింది.

గాట్లు ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. రొజేర్ గాట్లు కుడి నుంచి ఎడమకి వాలతాయి, ఓదిల్‌వీ అంతే, ఊళ్లో అందరివీ అంతే. ఎడమచేతి మేస్త్రీ ఈ ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. అడెలార్ నాదో.

అతను ఆ గాట్ల మీద చెయ్యి పెట్టాడు. పెద్ద పొర దొరికిందా అని అడిగిన తండ్రి, దొరికిందని విని ముఖం గోడ వైపు తిప్పుకున్న తండ్రి. పంపు పాడైందని ఆయనకి తెలియకుండా ఉంటుందా? తను మంచాన పడకముందే ఆయన క్వారీకి వెళ్లి రాలేదా? కొడుకు అబద్ధమాడాడని ఆ రోజు ఆయనకి తెలుసు. తెలిసి ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నాడో ఇప్పుడీ రాయి చెబుతోంది.

"ఇది నీది కాదు," అంది ఓదిల్.

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే అంటున్నా. ఇది తాతయ్యది."

"మస్యూ నాదో?" అంది ఇంజినీరు మూల అవతల నుంచి. "పదకొండు అని రాయనా?"

రొజేర్ లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. మూల తిరిగి వచ్చి, చేతికంటిన రాతిపొడి ప్యాంటుకి రుద్దుకున్నాడు.

"లెక్క తప్పు చెప్పాను మేడమ్. వయసు. పన్నెండు అని రాయండి. గడప కింద ఇంకోటి ఉంది."

"పన్నెండూ మీరు పెట్టినవేనా?"

"పన్నెండూ నావే."

ఆమె రాసింది. చదివి వినిపించింది: అడెలార్ నాదో అస్వస్థుడైన తర్వాత, అతని కుమారుడు రొజేర్ నాదో, పన్నెండు రాళ్లు. కింద గెతాన్ మెట్ల మీంచి లేచి, గోడ మీది పలక దగ్గరికి వెళ్లి, ఎందుకో జేబురుమాలుతో దాన్ని తుడిచాడు. అది పైనుంచి రొజేర్‌కి కనిపించింది. నాన్న పేరు ఉంటుంది. అక్కడే ఉంటుంది. అంతకన్నా కావలసిందేమీ లేదనిపించింది.

"ఇప్పుడు మేస్త్రీగారి సంతకం," అంది మదాం ట్రెపానియే అట్ట ఓదిల్ వైపు తిప్పుతూ. "గోడ మీద చూసిందంతా ఇందులో ఉన్నదున్నట్టు రాసి ఉందని."

మేస్త్రీగారు. ఆ మాట విని రొజేర్ కూతురి వైపు చూశాడు. ఈ గోపురం కాగితాల మీద ఆమె పెట్టబోయే మొదటి సంతకం అది. ఇంకో నూట ఎనభై ఏళ్లు ఉండే గోడకి.

ఓదిల్ కలం అందుకుంది. నిలబడి చదివింది. గాలికి కాగితం అంచు లేస్తుంటే బొటనవేలితో అదిమి పట్టి, ఆఖరి వాక్యం మళ్లీ చదివింది.

"పెట్టమ్మా," అన్నాడు రొజేర్.

ఆమె తండ్రి వైపు చూడలేదు. కలం మూత తియ్యలేదు.

"ఇందులో ఒక రాయి తప్పుగా ఉంది మేడమ్," అంది. "దాని కింద నా పేరు రాయలేను."